ఇంటియందలి రేడియో ట్రాన్సీవరును బాగుచేసికొనుట

బాపట్ల, చీరాల, ఒంగోలు ప్రాంతములవారికి తుపాను అను మాట క్రొత్తది కాదు. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన దివిసీమ యుప్పెన కృష్ణా గుంటూరు తీరములను ముంచి పదివేలకు పైగా జనులను బలిగొనెను. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటెను. అట్టి దినములలో విద్యుత్తు స్తంభములు కూలును; తీగలు తెగును; సెల్‌ఫోనులు మూగవోవును. అప్పుడు పొరుగు పట్టణమునకు ఒక్క మాట చేర్చుటకు పనికివచ్చు సాధనములలో అమెచ్యూరు రేడియో యొకటి. దీనినే హామ్ రేడియో యని కూడ నందురు.

ఒక చిన్న పెట్టె, ఒక బ్యాటరీ, ఇరువది మీటరుల తీగ యున్నచో ఈ పని జరుగును. అయితే ఆ పెట్టె నమ్మదగినదై యుండవలయును. ఇంటిలో కూర్చుకొనిన యంత్రమును గాని, తక్కువ వెలకు కొనిన యంత్రమును గాని, నమ్మదగినదిగా ఎట్లు చేసికొనవలయునో ఈ వ్యాసమున వివరింపబడును. యంత్రమును బాగుచేయుట యనగా దాని బలమును పెంచుటయే యని పలువురు తలంతురు. అది సరియైన తలంపు కాదు. నిలుకడ మొదటిది, శుద్ధి రెండవది, ఏరియలు మూడవది, బలము కడపటిది. ఈ క్రమము ఏల యిట్లుండవలయునో కారణములతో చూతము.

1. అమెచ్యూరు రేడియో

ధనలాభమును కోరక, నేర్చుకొనవలెనను ఆసక్తితోనే రేడియో తరంగముల మూలమున ఒండొరులతో మాటాడుకొను వ్యాసంగమునకు అమెచ్యూరు రేడియో యని పేరు. దీనికై ప్రభుత్వమువారు కొన్ని తరంగశ్రేణులను విడిచియున్నారు. మన దేశమున 7,000 మొదలు 7,200 కిలోహెర్ట్‌జుల వరకు గల శ్రేణి వానిలో నొకటి. ఇందలి తరంగముల దైర్ఘ్యము సుమారు 40 మీటరులు గాన, దీనిని నలువది మీటరుల బ్యాండు అందురు. పగటివేళ కొన్ని వందల కిలోమీటరుల దూరమునకు ఇది మిక్కిలి అనుకూలమైనది. గుంటూరునుండి హైదరాబాదునకు గాని, ఒంగోలునుండి చెన్నైకి గాని, మాట ఈ బ్యాండున సులభముగా చేరగలదు.

మన దేశమున మొట్టమొదట, 1921లో, ఈ లైసెన్సు పొందినవారు శ్రీ అమరేంద్ర చంద్ర గుప్తు గారు. 1939లో రెండవ ప్రపంచయుద్ధము ప్రారంభము కాగా అమెచ్యూరులు తమ ప్రసారయంత్రములను ప్రభుత్వమునకు అప్పగింపవలసి వచ్చెను. యుద్ధము ముగిసిన పిమ్మట సైన్యమువారు అమ్మివేసిన డిస్పోజలు సామగ్రిని కొని, విప్పి, మార్చి, తమ పనికి తగినట్లు అమర్చుకొనినవారు అనేకులు. కావున యంత్రమును విప్పి బాగుచేసికొనుట ఈ వ్యాసంగమునకు తొలినుండియు అంగమై యున్నది.

లైసెన్సు లేనివాడు ప్రసారము చేయుట నేరము. కేంద్ర ప్రభుత్వపు కమ్యూనికేషనుల మంత్రిత్వశాఖవారు నడపు పరీక్షలో ఉత్తీర్ణులైనవారికే ఈ యనుమతి లభించును. పండ్రెండేండ్లు నిండిన బాలబాలికలు సైతము ఈ పరీక్షకు కూర్చుండవచ్చును. కావున పై తరగతుల విద్యార్థులకు ఇది అందరాని ఫలము కాదు.

2. హైదరాబాదున పుట్టిన యంత్రము

పంపుటకును వినుటకును ఒకే పెట్టెలో అమర్చిన యంత్రమును ట్రాన్సీవరు అందురు. విదేశములనుండి వచ్చు ట్రాన్సీవరులు సామాన్య కుటుంబములవారు కొనజాలనంత వెల గలవి. ఈ యిబ్బందిని గమనించి హైదరాబాదు నివాసియైన శ్రీ అష్‌హర్ ఫర్హాన్ గారు బిటెక్సు అను యంత్రపు నమూనాను రచించి, దాని పటమును ఉచితముగా లోకమునకు ప్రకటించిరి. మన వీధి అంగళ్లలో దొరకు సామాన్యమైన ట్రాన్సిస్టరులతోనే దీనిని కూర్చవచ్చును. టెలివిజను ఏరియలునకు వాడు చిన్న ఫెర్రైటు ముక్కలను, దొరకని విదేశీ కడియములకు మారుగా కుళాయికి వేయు నైలాను వాషరులను ఆయన ఇందులో ఉపయోగించిరి. వాషరుపై తీగ చుట్టి రేడియో చేయవచ్చునను మాట వినుటకు వింతగా నున్నను, అది పనిచేసినది. పలు దేశములవారు ఆ పటమును చూచి తమ యిండ్లలో ఈ యంత్రమును కూర్చుకొనిరి.

పిమ్మట 2016లో నలువది మీటరుల బ్యాండునకు బిటెక్సు-40 అను పలకయు, 2017 చివర పలు బ్యాండులకు పనికివచ్చు మైక్రో బిటెక్సు అను పలకయు హైదరాబాదునుండియే వెలువడెను. వానికి వలయు తీగచుట్టలను అచటి స్త్రీల సమూహమొకటి చేతితో చుట్టెడిది. ఈ పలకలను సంపూర్ణయంత్రములుగా గాక, కొన్నవారు తమ యిచ్ఛానుసారముగ మార్చుకొనుటకు వీలుగా అమ్ముట యొక విశేషము. ఈ వ్యాసములోని ఉదాహరణములకు బిటెక్సు-40ని తీసికొందము.

3. యంత్రము పనిచేయు విధము

బాగుచేయుటకు ముందు అది యెట్లు పనిచేయునో తెలియవలయును. మన ప్రాంతపు జిన్నింగు మిల్లును తలంచుకొనుడు. చేనినుండి వచ్చిన పత్తిలో సుమారు మూడింట ఒక వంతు దూది, తక్కిన రెండు వంతులు గింజ. మిల్లు గింజను వేరుచేసి దూదిని మాత్రము బేళ్లుగా కట్టి పంపును. సాధారణ మీడియమ్ వేవ్ ప్రసారములోను ఇట్టి లెక్కయే కలదు. పూర్తిగా మాటను నింపిన ప్రసారపు శక్తిలో మూడింట రెండు వంతులు వాహకతరంగమునకే పోవును. దానిలో మాట యేమియు లేదు. మిగిలిన ఒక వంతు, సైడుబ్యాండులు అను రెండు ప్రక్కపట్టీలలో సమముగా నుండును. ఈ రెండింటిలోను ఉన్నది ఒకే మాట. కావున వాహకమును, ఒక ప్రక్కపట్టీని తీసివైచి, రెండవ పట్టీని మాత్రము పంపినచో మాటకు లోపము రాదు. శక్తి యంతయు మాటకే వినియోగమగును. ఇట్టి ప్రసారమునకు సింగిల్ సైడుబ్యాండు అని పేరు.

ఈ వేరుచేయు పనిని క్రిస్టలు ఫిల్టరు చేయును. బిటెక్సు-40లో 12 మెగాహెర్ట్‌జుల స్ఫటికములను వరుసగా కూర్చి ఈ ఫిల్టరును నిర్మించిరి. మన కంఠధ్వనినుండి పుట్టిన సంకేతము మొదట ఈ ఫిల్టరుగుండ పోయి శుద్ధియగును. పిమ్మట సుమారు 5 మెగాహెర్ట్‌జుల ఆసిలేటరు సంకేతముతో కలిసి, వాని భేదమైన 7 మెగాహెర్ట్‌జుల తరంగముగా మారి, బలము పొంది, ఏరియలునకు చేరును. వినునప్పుడు సంకేతము ఇదే దారిలో వెనుకకు నడచును. ఇరువైపుల పనిచేయు యాంప్లిఫయరులు ఉండుటచేతనే దీనికి బిటెక్సు అను పేరు వచ్చినది. ఒకే ఫిల్టరు రాకకును పోకకును చాలుటవలన ఖర్చు తగ్గినది.

వాహకము పంపబడలేదు గాన, వినువాని యంత్రము తనంతట తాను ఆ వాహకమును పుట్టించి కలుపుకొనవలయును. అది సరియైన స్థానమునుండి నూటికి పైగా హెర్ట్‌జులు జరిగినచో మాట బాతు కూతవలె మారును. మరింత జరిగినచో అర్థమే కాదు. నిలుకడ మొదటిదని చెప్పుటకు కారణ మిదియే.

4. పనికి ముందు

సోల్డరింగు ఐరను, మల్టీమీటరు, ఒక నోటుపుస్తకము: ఈ మూడును లేనిదే పని మొదలుపెట్టరాదు. వీనిలో నోటుపుస్తకమే ముఖ్యము. ఏ మార్పునకు ముందు ఏ కొలత యుండెనో, మార్చిన పిమ్మట ఏమాయెనో తేదీతో వ్రాయవలయును. ఒకసారి ఒక్క మార్పునే చేయవలయును. రెండు మార్పులు ఒకేసారి చేసినచో, మేలైనను కీడైనను దేనివలన కలిగెనో తెలియదు. రైతు ఒకే మడిలో రెండు క్రొత్త ఎరువులు ఒకేసారి వేసి, ఏది పనిచేసెనో చెప్పలేకపోవుటవంటిదే యిది.

పరీక్షించునపుడు ఏరియలునకు కలిపి గాలిలోనికి సంకేతములు వదలరాదు. దానికి మారుగా డమ్మీ లోడును వాడవలయును. ఇది 50 ఓముల నిరోధము. 1,000 ఓముల కార్బను రెసిస్టరులు, ఒక్కొక్కటి ఒక వాటు గలవి, ఇరువది తెచ్చి సమాంతరముగా కలిపినచో 1,000ని 20తో భాగింపగా 50 ఓములు వచ్చును. అవి యన్నియు కలిసి 20 వాట్ల వేడిని ఓర్చును. తీగ చుట్టి చేసిన రెసిస్టరులు దీనికి పనికిరావు. అవి తీగచుట్టలే గాన రేడియో తరంగములకు నిరోధము మారిపోవును.

డమ్మీ లోడునకు ఒక డయోడును, ఒక చిన్న కెపాసిటరును చేర్చి మల్టీమీటరుతో చూచినచో వోల్టుల శిఖరమును కొలువవచ్చును. మైకుముందు నిలుకడగా ఈల వేయుడు. వచ్చిన వోల్టులను దానితోనే హెచ్చించి 100తో భాగించినచో వాట్లు తెలియును. ఉదాహరణము: మీటరు 26.5 వోల్టులు చూపినచో, 26.5ను 26.5తో హెచ్చింపగా సుమారు 702. నూటితో భాగింపగా సుమారు 7 వాట్లు. బిటెక్సు-40 12 వోల్టుల బ్యాటరీపై ఇచ్చు బలము కూడ నింతియే.

5. మొదటి మార్పు: నిలుకడ

ఆసిలేటరులో ఒక తీగచుట్ట, ఒక కెపాసిటరు కలిసి పౌనఃపున్యమును నిర్ణయించును. వేడిమి మారినచో ఇవి కొంచెము మారును. 5 మెగాహెర్ట్‌జుల ఆసిలేటరులో కెపాసిటరు విలువ పదివేలలో ఒక వంతు పెరిగినచో, పౌనఃపున్యము ఇరువదివేలలో ఒక వంతు, అనగా 250 హెర్ట్‌జులు తగ్గును. మాట బాతు కూతగా మారుటకు ఇది చాలును. రెంటచింతల మొదలైన పలనాటి గ్రామములలో వేసవి యెండ 45 డిగ్రీలకు పోవుట అందరికిని తెలిసినదే. అట్టి చోట్ల ఈ జాగ్రత్త రెట్టింపు అవసరము.

మొదట కొలువుడు. యంత్రమును వెలిగించి 5, 10, 20, 30, 60 నిమిషముల కొకసారి పౌనఃపున్యమును వ్రాయుడు. పిమ్మట ఈ క్రింది పనులను ఒక్కొక్కటిగా చేసి మరల కొలువుడు.

మొదటిది, ఆసిలేటరులోని సాధారణ సిరామిక్ కెపాసిటరులను తీసి, ఎన్.పి.ఓ. అను గుర్తు గలవానిని వేయుట. ఇవి వేడికి మిక్కిలి తక్కువగా మారును. రెండవది, తీగను బిగువుగా చుట్టి, మైనముతోగాని వార్నిషుతోగాని కదలకుండ చేయుట. మూడవది, ఆసిలేటరునకు రెగ్యులేటరు ద్వారా స్థిరమైన వోల్టుల నిచ్చుట. బ్యాటరీ వోల్టులు మాటాడునపుడు తగ్గి, వినునపుడు పెరుగును గదా! నాలుగవది, వేడెక్కు ట్రాన్సిస్టరును ఆసిలేటరునకు దూరముగా నుంచి, ఆసిలేటరుపై చిన్న రేకుపెట్టెను మూయుట. ఫ్యాను గాలి తగిలినంతనే పౌనఃపున్యము జరుగుట మూతలేని యంత్రములలో చూడవచ్చును.

ఇంతకంటె మేలైన మార్గము మరియొకటి కలదు. బిటెక్సు-40కి మొదట తీగచుట్ట ఆసిలేటరు ఉండగా, తరువాత రాడ్యునో అను చిన్న పలకను చేర్చిరి. ఇందులో ఆర్డ్యునో నానో అను చిన్న కంప్యూటరు, ఎస్.ఐ. 5351 అను చిప్పునకు ఆజ్ఞలిచ్చి, ఒక స్ఫటికమును ఆధారముగా గొని, కావలసిన పౌనఃపున్యమును పుట్టించును. దీని ప్రోగ్రాము బహిరంగముగా ప్రకటింపబడుటచే, నేర్చినవారు దానిని కూడ మార్చుకొనిరి. అయితే అంకెలు చూపు తెరయు, ఈ పలకయు, తమంతట తాము కొంత రొదను పుట్టించును. కావున వానిని రేకుతో మూసి, తీగలను పొట్టిగా నుంచవలయును.

6. రెండవ మార్పు: శుద్ధి

ఆకాశము అందరి సొత్తు. కాలువ నీటిలో ఎగువరైతు మురికి వదిలినచో దిగువరైతులందరును నష్టపోవుదురు. అపశుద్ధమైన సంకేతమును వదలువాడు అట్టి యెగువరైతు వంటివాడు.

అపశుద్ధి మూడు విధములు. మొదటిది హార్మోనిక్కులు. 7.1 మెగాహెర్ట్‌జులు పంపు యంత్రమునుండి దాని రెట్టింపైన 14.2, మూడింతలైన 21.3 కూడ కొంత వెలువడును. వీనిని ఆపుటకు యంత్రపు చివర తీగచుట్టలతోను, కెపాసిటరులతోను చేసిన లో-పాస్ ఫిల్టరు ఉండును. ఫిల్టరు మంచిదైనను, దాని ముందటి తీగ వెనుకటి తీగకు దగ్గరగా పోయినచో హార్మోనిక్కులు ఫిల్టరును దాటి దుముకును. మైక్రో బిటెక్సు మొదటి నమూనాలలో ఇట్టి లోపమును వాడుకరులే కొలిచి బయటపెట్టిరి. రిలేల దగ్గర సంకేతము ప్రక్కదారి పట్టుచున్నదని తేలెను. శ్రీ ఫర్హాన్ గారు దానిని దాచక, తరువాతి నమూనాలో పలకను మార్చి దిద్దిరి. కొలిచి చెప్పినవారిని, విని దిద్దినవారిని, ఇరువురిని మనము మెచ్చుకొనవలయును.

రెండవది వాహకము మిగిలిపోవుట. మైకును మూసి, డమ్మీ లోడుపై మీటరును చూచుచు, వాహకమును అణచు స్క్రూను మెల్లగా త్రిప్పి, సూచి కనిష్ఠమునకు వచ్చునట్లు చేయవలయును.

మూడవది గట్టిగా అరచుటవలన కలుగు చెదరుడు. మైకు బలమును మితిమీరి పెంచినచో, మాట పగిలి ప్రక్కనున్న స్టేషనులపై పడును. రెండవ రేడియో దగ్గర ఒక స్నేహితుని కూర్చుండబెట్టి, ప్రక్క పౌనఃపున్యములలో మన గొంతు వినబడుచున్నదేమో చూడుమనుడు. వినబడినచో మైకు బలమును తగ్గింపవలయును. ఈ పరీక్షకు ఖర్చు లేదు.

7. మూడవ మార్పు: ఏరియలు, వినికిడి

డైపోలు అను ఏరియలు చేయుట సులభము. 143ను మెగాహెర్ట్‌జులతో భాగించినచో తీగ మొత్తము పొడవు మీటరులలో వచ్చును. 7.1కి లెక్కింపగా సుమారు 20.1 మీటరులు, దానిని రెండు సమభాగములు చేసి నడుమ కేబులును కలుపవలయును. పది మీటరుల యెత్తున కట్టినచో మన రాష్ట్రమంతటను, పొరుగు రాష్ట్రములలోను మాట బాగుగ వినబడును. తాటిచెట్లు, కొబ్బరిచెట్లు గల తీరగ్రామములలో స్తంభము కొరత యుండదు. కాని సముద్రపు ఉప్పుగాలికి రాగి త్వరగా పాచిపట్టును. కేబులు అతుకును సోల్డరు చేసి, నీరు చొరకుండ చుట్టి, ఏటేట వానలకు ముందు విప్పి చూడవలయును. యంత్రమును నిందించు ముందు అతుకును చూచుట మంచి అలవాటు.

వినలేనివాడు ఎంత గట్టిగా మాటాడినను ప్రయోజనము లేదు. నేటి యిండ్లలో ఎల్.ఇ.డి. దీపములు, ఇన్వర్టరులు, చార్జరులును, పొలములలో సోలారు పంపుల కంట్రోలరులు, విద్యుత్ కంచెలును రేడియోలో రొద పుట్టించును. యంత్రమును బ్యాటరీపై నడుపుచు ఇంటిలోని స్విచ్చులను ఒక్కొక్కటిగా ఆపినచో దోషి యెవరో తెలియును. ఆ దీపమును మార్చుటగాని, ఏరియలును ఇంటికి దూరముగా జరుపుటగాని చేసినచో వినికిడి యెంతో మెరుగగును.

8. కడపటి మార్పు: బలము

బిటెక్సు-40లో చివరి ట్రాన్సిస్టరైన ఐ.ఆర్.ఎఫ్. 510కు వేరుగా విద్యుత్తు నిచ్చు వీలు కలదు. 12 వోల్టులకు మారుగా దానికి సుమారు 24 వోల్టుల నిచ్చినచో 7 వాట్ల యంత్రము 20 వాట్ల యంత్రమగును. ఇది పెద్ద లాభముగా తోచును. లెక్క చూతము.

వినువాని ఎస్ మీటరులో ఒక గీత పెరుగవలెనన్న శక్తి నాలుగింతలు కావలయును. 7 వాట్లు 28 వాట్లు అయినప్పుడే ఒక గీత. 20 వాట్లకు ముప్పాతిక గీతయు సుమారుగా మాత్రమే వచ్చును. ఏరియలు అతుకును బాగుచేయుటవలన దీనికంటె హెచ్చు లాభము పలుమార్లు కలుగును.

ఇక బ్యాటరీ సంగతి. ఒక యంత్రము వినునపుడు 0.2 ఆంపియరు, మాటాడునపుడు 2 ఆంపియరులు లాగుననుకొనుడు. గంటకు పది నిమిషములు మాటాడి, ఏబది నిమిషములు విన్నచో, సగటున 0.5 ఆంపియరు అగును. 7 ఆంపియర్-అవరుల బ్యాటరీ 14 గంటలు వచ్చును. బలమును పెంచినందున మాటాడునపుడు 4 ఆంపియరులు లాగెనని యనుకొనుడు. సగటు 0.83 ఆంపియరు, బ్యాటరీ 8 గంటల 24 నిమిషములకే ముగియును. కరెంటు లేని తుపాను రాత్రి, ముప్పాతిక గీతకొరకు అయిదున్నర గంటల కాలమును పోగొట్టుకొనుట తెలివియేనా? ఆలోచింపుడు.

అయినను బలము అవసరమైన సందర్భములు కలవు. అప్పుడు ఈ జాగ్రత్తలు తీసికొనవలయును. ఐ.ఆర్.ఎఫ్. 510 లోహపు తోకకు సరఫరా వోల్టులు నేరుగా వచ్చుచుండును గాన, దానికిని అల్యూమినియము హీట్ సింకునకును నడుమ అభ్రకపు రేకు నుంచవలయును. హీట్ సింకును పెద్దదిగా వేయవలయును. బయాసు స్క్రూను పూర్తిగా తగ్గించి విద్యుత్తు నిచ్చి, పిమ్మట మెల్లగా త్రిప్పి, మాట లేనపుడు ఆ ట్రాన్సిస్టరు సుమారు 100 మిల్లీఆంపియరులు లాగునట్లు నిలుపవలయును. అటుపిమ్మట శుద్ధి పరీక్షలనన్నిటిని మరల చేయవలయును. బలముతోపాటు అపశుద్ధియు పెరుగును గదా!

9. అపాయములు

ఏరియలు తీగను విద్యుత్ లైనుల దాపున ఎన్నడును కట్టరాదు. గాలికి తెగినను లైనుపై పడనంత దూరమున నుండవలయును. ఉరుములు మెరుపులు కనబడగనే కేబులును యంత్రమునుండి విప్పి ఇంటి వెలుపల నుంచవలయును. బ్యాటరీ తీగలో ఫ్యూజు తప్పక వేయవలయును. ధన ఋణములు తారుమారైనను యంత్రము చెడకుండ ఒక డయోడును చేర్చుట మంచిది. ప్రసారము జరుగునపుడు ఏరియలును తాకినచో చర్మము కాలును. చెట్టెక్కు పనిని పిల్లలు ఒంటరిగా చేయరాదు.

తలిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు యంత్రమును విప్పి బల్లపై పరచినచో పాడుచేయుచున్నాడని కోపింపకుడు. వాని నోటుపుస్తకమును చూపుమని యడుగుడు. అందులో ముందు వెనుకల కొలతలు వ్రాసియున్నచో వాడు చదువుకొనుచున్నాడు, లేనిచో ఆటలాడుచున్నాడు.

10. ముగింపు

2004 డిసెంబరులో శ్రీమతి భారతీ ప్రసాద్ గారు హైదరాబాదులోని జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థ పక్షమున, కొందరు తోటి అమెచ్యూరులతో అండమాను దీవులకు వెళ్లి, పోర్టుబ్లెయిరునుండి ప్రసారములు చేయుచుండిరి. ఆ నెల 26వ తేదీ ఉదయమున సునామీ వచ్చినది. టెలిఫోనులు నిలిచిపోయిన ఆ దీవులనుండి వారు తమ రేడియో ద్వారా ప్రధానభూమికి వార్తలు పంపిరి. తమవారి క్షేమము తెలియక తల్లడిల్లువారికి సమాచారము చేర్చిరి. వారు వెళ్లినది వేరొక పనికి. ఉపయోగపడినది ఈ పనికి. ఆ యుదయమున యంత్రము సిద్ధముగా నుండుటచేతనే అది సాధ్యమాయెను.

తుపాను వచ్చిన రాత్రి సోల్డరింగు ఐరను వేడిచేయుటకు కరెంటు ఉండదు. బాగుచేయవలసిన దంతయు ఎండ కాయుచున్న దినములలోనే చేసి, కొలిచి, వ్రాసి యుంచవలయును.

అభ్యాసము

1. 2,000 ఓముల రెసిస్టరులతో 50 ఓముల డమ్మీ లోడు చేయుటకు ఎన్ని కావలయును?

2. డమ్మీ లోడుపై శిఖరము 30 వోల్టులు చూపినచో యంత్రపు బలము ఎన్ని వాట్లు?

3. 7.15 మెగాహెర్ట్‌జులకు డైపోలు పొడవు ఎంత?

4. పైన చెప్పిన మొదటి యంత్రముతో గంటకు 20 నిమిషములు మాటాడినచో 7 ఆంపియర్-అవరుల బ్యాటరీ ఎన్ని గంటలు వచ్చును?

5. ఒకేసారి రెండు మార్పులు చేయరాదనుటకు కారణమేమి? మీ యింటిలోని మరియొక పనినుండి ఉదాహరణము వ్రాయుడు.